టేబుల్ కింది పీసీ: క్లౌడ్‌కి మారే ముందు వేసుకోవాల్సిన లెక్క

(వ్యాపార సంస్థల యజమానులు, ఐటీ సిబ్బంది హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను క్లౌడ్ అమ్మను, అంటే ఇంటర్నెట్ మీద కంప్యూటర్లు అద్దెకివ్వను. సర్వర్లూ అమ్మను. ఇరవై ఏళ్లకు పైగా కంపెనీల్లో కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ చూసుకునే పనిలో ఉన్నాను. కొన్నిటిని క్లౌడ్‌లోకి ఎక్కించాను, కొన్నిటిని మళ్లీ కిందికి దించాను. ఎక్కించినందుకూ తిట్లు తిన్నాను, దించినందుకూ తిన్నాను. (నవ్వులు)

నన్ను ఎవరు పిలిచినా మొదట అడిగేది ఒకటే. "సార్, మేం క్లౌడ్‌కి వెళ్లాలా, వద్దా?" నేను తిరిగి అడుగుతాను: "ఇప్పుడు మీ దగ్గర ఏమేం నడుస్తున్నాయి?" అంతే, ఎవరూ మాట్లాడరు. కాసేపటికి ఐటీ మేనేజరు గారు ఒక ఎక్సెల్ షీటు తెరుస్తారు. అందులో సర్వర్ల పేర్లు ఉంటాయి, కొన్న తేదీలు ఉంటాయి. ఏ సర్వర్ ఆగిపోతే ఎవరి పని ఆగిపోతుందో మాత్రం ఉండదు.

ఒక కంపెనీలో ఆ షీటు పట్టుకుని గదిగదికీ తిరిగాం. లెక్క ప్రకారం పదకొండు సర్వర్లు. పదకొండూ కనిపించాయి. అకౌంట్స్ సెక్షన్‌లో ఒక టేబుల్ కింద పన్నెండోది దొరికింది. సర్వర్ కూడా కాదు, మామూలు పీసీ. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. మీదంతా దుమ్ము. ఫ్యాను మాత్రం గరగరమంటూ తిరుగుతోంది. పైన ఒక కాగితం అతికించి ఉంది: "ఆపకూడదు". ఎవరు రాశారు? తెలియదు. అది చేసే పని ఏంటి? అదీ తెలియదు. ఆ టేబుల్ దగ్గర కూర్చునే ఆవిడను అడిగితే, "నేను చేరినప్పటి నుంచీ ఉందండీ. కాళ్లు చాపుకోనివ్వదు" అన్నారు.

మానిటర్ తగిలించి చూస్తే అసలు సంగతి బయటపడింది. ప్రతి రాత్రి రెండింటికి అది గేటు దగ్గరి అటెండెన్స్ మిషన్ నుంచి ఆ రోజు హాజరంతా లాక్కుంటుంది. ఒక ఫైలు చేసి జీతాల సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్‌లో పడేస్తుంది. ఏడేళ్లుగా ఒక్క రాత్రి కూడా మానకుండా చేస్తోంది. ఆ ప్రోగ్రాం రాసినతను ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. దాన్ని మార్చాలంటే కావాల్సిన సోర్స్ కోడ్ లేదు. ఇప్పుడు మేం ఆ జీతాల సర్వర్‌ని ఆర్భాటంగా క్లౌడ్‌కి తరలించి పాతది ఆపేశామనుకోండి. ఫైలు వచ్చి పడే చోటు ఉండదు. నెలాఖరున అందరి హాజరూ సున్నా.

అందుకే మొదటి నెల ఏదీ కదపకండి అంటాను. ఏ మెషీన్ ఏ మెషీన్‌తో మాట్లాడుతోందో గమనించి రాసుకోండి. వారం చూస్తే చాలదు, నెలాఖరు దాటేదాకా చూడాలి. కొన్ని ప్రోగ్రాములు నెలకొకసారే నిద్ర లేస్తాయి. సంవత్సరం ముగింపు లెక్కలప్పుడు తప్ప కనిపించనివి కూడా ఉంటాయి. వాటి సంగతి పాత ఉద్యోగుల్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

క్లౌడ్ అంటే ఏమిటన్నది ఇక్కడ చాలామందికి తెలుసు కాబట్టి దాన్ని తొందరగా దాటేస్తాను. అమెజాన్ 2006లో ముందు స్టోరేజీని, కొద్ది నెలలకే గంటల లెక్కన కంప్యూటర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు మనం చూస్తున్న రూపం అక్కడి నుంచి వచ్చిందే. 2011లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దీనికి నిర్వచనం రాసి ఐదు లక్షణాలు చెప్పింది. కావలసింది మనంతట మనమే తీసుకోగలగాలి. నెట్‌వర్క్ మీద ఎక్కడి నుంచైనా అందాలి. వనరులు చాలామందికి ఉమ్మడిగా ఉండాలి. అవసరాన్ని బట్టి చిటికెలో పెరగాలి, తగ్గాలి. వాడినంతా కొలతకు రావాలి. అమ్మడానికి వచ్చేవాళ్లు నాలుగోదాని గురించి గంటసేపు చెబుతారు. నన్నడిగితే మీరు ఎక్కువసేపు కూర్చుని ఆలోచించాల్సింది ఐదోదాని గురించి. అంటే మీటరు గురించి.

సొంత ఇల్లు, అద్దె ఇల్లు అని పోలిక చెబుతుంటారు. అది సగం దూరమే వస్తుంది. అద్దె ఇంట్లో ఎన్నిసార్లు తలుపు తీసినా అద్దె మారదు. ఇక్కడ తలుపు తీసినందుకు ఒక లెక్క, సామాను దాచినందుకు ఒక లెక్క, ఆ సామాను బయటికి తీసుకెళ్లినందుకు ఇంకో లెక్క. నాకు ట్యాక్సీ పోలిక నయమనిపిస్తుంది. ఎప్పుడైనా ఒకసారి దూరం వెళ్లాల్సి వస్తే ట్యాక్సీని మించిన సుఖం లేదు. దాన్నే రాత్రీ పగలూ ఇంటి ముందు నిలబెట్టుకుంటే? వెయిటింగ్ ఛార్జీకే ఆస్తులు కరుగుతాయి.

ఆ పని నేనూ చేశాను. ఒక శుక్రవారం సాయంత్రం డేటాబేస్ వేగం పరీక్షించడానికి క్లౌడ్‌లో ఒక పెద్ద మెషీన్ తెరిచాను. పరీక్ష రెండు గంటల్లో అయిపోయింది. సోమవారం ఇంకో పని నెత్తిన పడి, ఆ మెషీన్ ఆపడం మరిచిపోయాను. నెలాఖరున బిల్లు పట్టుకుని అకౌంట్స్ ఆయన వచ్చారు. "సార్, ఈ 'టెస్ట్ 2' అనేది ఏంటి? మిగతావన్నీ కలిపినా దీనంత లేవు" అన్నారు. ఇరవై నాలుగు రోజులు ఏ పనీ లేకుండా నడిచింది పాపం. సర్వర్ గదిలో ఒక మెషీన్ ఊరికే ఉంటే అడిగేవాడు లేడు. క్లౌడ్‌లో ఊరికే ఉంటే నెలనెలా కాగితం మీదికెక్కి అడుగుతుంది. ఒకరకంగా అది మంచిదే అనుకోండి, ఆ కాగితం చదివేవాళ్లుంటే.

ఇక అసలు సంగతికి వస్తాను. క్లౌడ్‌లో మనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నది ఏమిటి? నా లెక్కలో అది ఒక వెసులుబాటు. మన అంచనా తప్పినా పని ఆగదు అనే వెసులుబాటు. వచ్చే ఏడాది ఎంతమంది వస్తారో తెలియనివాడికి దాని విలువ చాలా ఎక్కువ. వచ్చే మూడేళ్లు ఏ రోజు ఎంత పని ఉంటుందో ముందే చెప్పగలిగినవాడు మాత్రం తనకు అక్కర్లేనిదానికి ప్రతి నెలా డబ్బు కడుతున్నాడు.

దీనికి ఒక కంపెనీ కథలో రెండు వైపులూ దొరుకుతాయి. 37సిగ్నల్స్ అని, బేస్‌క్యాంప్ అనే ప్రాజెక్టులు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన సంస్థ. వాళ్లు 2020లో హే అనే ఈమెయిల్ సర్వీసు మొదలుపెట్టారు. ఆరు నెలల్లో 30 వేల మంది వస్తారని అంచనా. మూడు వారాల్లో 3 లక్షల మంది వచ్చారు. సొంత సర్వర్లు కొనుక్కుని కూర్చుని ఉంటే ఆ వారం ఏమయ్యేదో ఊహించుకోండి. క్లౌడ్ ఆదుకుంది. అదే సంస్థ 2022 అక్టోబర్‌లో క్లౌడ్ నుంచి బయటికి వచ్చేస్తున్నామని ప్రకటించింది. ఆ ఏడాది వాళ్ల క్లౌడ్ ఖర్చు 32 లక్షల డాలర్లు. తర్వాత ఆరేడు లక్షల డాలర్లు పెట్టి సర్వర్లు కొనుక్కుని పనిని వాటి మీదికి మార్చుకున్నారు. అప్పటికి వాళ్ల లోడ్, అంటే సర్వర్ల మీద పడే పని, స్థిరపడింది. ఎంత కావాలో వాళ్లకు తెలిసిపోయింది. వెళ్లినప్పుడూ తప్పు చేయలేదు, వచ్చేసినప్పుడూ తప్పు చేయలేదు.

ఫైళ్లు దాచుకునే సర్వీసు డ్రాప్‌బాక్స్ కూడా అంతే. అమెజాన్ స్టోరేజీ మీద మొదలై పెరిగింది. తర్వాత తన డేటాలో ఎక్కువ భాగాన్ని సొంత ఏర్పాటులోకి తెచ్చుకుంది. 2018లో షేర్ మార్కెట్‌కి వచ్చేటప్పుడు ఇచ్చిన పత్రాల్లో, రెండేళ్లలో నిర్వహణ ఖర్చు దాదాపు ఏడున్నర కోట్ల డాలర్లు తగ్గిందని చూపించింది.

ఇక క్లౌడ్ అనగానే అందరూ చెప్పే పేరు నెట్‌ఫ్లిక్స్. 2008 ఆగస్టులో వాళ్ల డేటాబేస్ పాడై అప్పట్లో పోస్టులో పంపే సినిమా డీవీడీలు మూడు రోజులు పంపలేకపోయారు. అక్కడి నుంచి బయలుదేరి 2016 జనవరికి క్లౌడ్‌లోకి పూర్తిగా మారారు. ఏడేళ్లకు పైగా పట్టింది, గమనించండి. "ఆరు నెలల్లో మొత్తం మార్చేస్తాం" అని ఎవరైనా అంటే ఈ ఏడేళ్లు గుర్తు చేసుకోండి. ఇంకో సంగతి. మనం నొక్కగానే వచ్చే సినిమా బొమ్మ మాత్రం ఆ క్లౌడ్‌లోంచి రాదు. ఇంటర్నెట్ కంపెనీల దగ్గరే సొంత పెట్టెలు పెట్టి, అక్కడి నుంచి పంపిస్తారు. 2012లో ప్రకటించిన ఓపెన్ కనెక్ట్ అనే ఏర్పాటు అది. ఎప్పుడెంత మారుతుందో తెలియని పనిని అద్దెకు తీసుకున్న చోట ఉంచారు. రోజూ బండెడు ఉండే పనిని సొంతానికి ఉంచుకున్నారు. క్లౌడ్‌కి ఉదాహరణగా చూపించే కంపెనీయే ఇలా విడదీసుకుంది.

మీరూ ఇలాగే విడదీయాలి. కంపెనీ మొత్తానికి ఒకే జవాబు రాదు. నెలకు 730 గంటలు అనుకుందాం. టెస్టింగ్ మెషీన్లు పని రోజుల్లో పది గంటలు నడిస్తే చాలు. ఇరవై రెండు రోజులకు 220 గంటలు. రాత్రి ఆపి పొద్దున తెరిచే అలవాటుంటే మెషీన్ అద్దె 30 శాతానికి దిగుతుంది. సొంత సర్వర్‌లో ఈ మిగులు ఎప్పటికీ రాదు. పరీక్ష ఫలితాలు చూపించే సైట్ ఏడాదిలో రెండు రోజులు ఉప్పెన, మిగతా రోజులు ఎడారి. క్లౌడ్ అలాంటిదానికోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఆర్డర్లు, స్టాకు, ఇన్వాయిస్‌లు చూసే ఈఆర్‌పీ మాత్రం ఏ నెల చూసినా ఒకేలా నడుస్తుంది. అక్కడ ఆగి, కాగితం కలం తీసుకుని లెక్క వేయాలి.

ఆ లెక్కలో ఇటువైపు వాళ్లూ మోసం చేసుకుంటారు. సొంత సర్వర్ ఖర్చెంత అంటే కొన్న ధర చెప్పి ఊరుకుంటారు. యూపీఎస్ బ్యాటరీలు, ఏసీ, దాని కరెంటు, నిర్వహణ ఒప్పందం, స్పేర్ డిస్కులు, మొదటిది పోతే అందుకోవడానికి రెండోది, ఇవన్నీ ఎవరు కలుపుతారు? అర్ధరాత్రి డిస్కు పోయిందని ఫోనొస్తే బండి వేసుకుని వచ్చే కుర్రాడి జీతం ఏ పద్దులో ఉంది? అటువైపు, క్లౌడ్ అమ్మేవాళ్లు ఇంకో రకంగా చేస్తారు. మెషీన్ అద్దె ఒక్కటే చూపించి స్టోరేజీ, బ్యాకప్, బయటికి పోయే డేటా, సపోర్టు చివరి పేజీలో పెడతారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి వరసకు వరస సరిచూడండి. ఒకవైపు ఉన్న వరస రెండోవైపు ఖాళీగా కనిపిస్తే అక్కడేదో దాక్కుందని అర్థం.

మూడేళ్లు వాడతామని మాటిస్తే చాలా తగ్గిస్తామంటారు క్లౌడ్ కంపెనీల వాళ్లు. నిజంగానే తగ్గిస్తారు. కానీ మూడేళ్లకు మాటిచ్చామంటే అంచనా వేసే బరువు మళ్లీ మన నెత్తికే వచ్చింది. పరిస్థితి మారినా, ఆ సాఫ్ట్‌వేర్ వద్దనుకున్నా డబ్బు కట్టాల్సిందే. అందుకే మొదటి ఆరు నెలలు ఏ ఒప్పందమూ లేకుండా మీటరు మీదే నడిపించి, మీ వాడకం నిలకడగా ఎక్కడ ఉంటుందో చూశాక అంతవరకే మాటివ్వండి.

ఖర్చు సంగతి ఇలా ఉంటే, ఇంకో ముచ్చట ఉంది. దీన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఒకచోట స్టాకు సాఫ్ట్‌వేర్ సర్వర్‌ని ఉన్నదున్నట్టు ఎత్తి క్లౌడ్‌లో పెట్టారు. ఒక్క అక్షరం మార్చలేదు. మొదటి రోజు స్టోర్స్‌లో పనిచేసే ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన స్టాకు పేజీ నొక్కారు. తెల్ల తెర. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు మడుస్తున్నారు. పన్నెండు మడిచాక పేజీ వచ్చింది. "నిన్నటిదాకా నొక్కేలోపు వచ్చేది సార్" అన్నారు. రోజుకు రెండు వందల సార్లు ఆ పేజీ తెరుస్తారాయన. అంటే నలభై నిమిషాలు తెల్ల తెర చూడటానికే.

క్లౌడ్ మెషీన్ పాతదానికంటే బలమైనదే. మరి ఏమైంది? ఆ పేజీ ఒక్కసారి తెరిస్తే ప్రోగ్రాం డేటాబేస్‌ని నాలుగు వందల చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతోంది. ఒక్కో వస్తువుకు ఒక్కో ప్రశ్న. పాత రోజుల్లో ప్రోగ్రాం, డేటాబేస్ ఒకే గదిలో ఉండేవి. ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర మిల్లీసెకను. నాలుగు వందలు కలిపినా సెకనులో ఐదో వంతు. ఇప్పుడు డేటాబేస్ మాత్రమే క్లౌడ్‌లోకి వెళ్లింది, ప్రోగ్రాం ఆఫీసులోని పీసీల్లోనే ఉండిపోయింది. ఒక్కో ప్రశ్నకు రానూపోనూ 30 మిల్లీసెకన్లు. నాలుగు వందలతో గుణించండి. పన్నెండు సెకన్లు. ఆయన వేళ్ల లెక్క, మన లెక్క సరిగ్గా కలిశాయి.

బలమైన మెషీన్ తీసుకుంటే ఇది తగ్గదు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి రానూపోనూ పది మిల్లీసెకన్లు తప్పవు, ఎంత డబ్బు పెట్టినా. కాబట్టి ప్రోగ్రాం, డేటాబేస్ కలిసి వెళ్లాలి, లేదా కలిసి ఉండిపోవాలి. అన్నదమ్ముల్లో ఒకణ్ని ఇక్కడ ఒకణ్ని అక్కడ పెడితే రోజంతా ఫోన్లే. అక్కడ చివరికి ఆ నాలుగు వందల ప్రశ్నల్ని మూడు ప్రశ్నలుగా తిరగరాశారు. మూడు వారాల పని. ఆ మూడు వారాలు ఏ కొటేషన్‌లోనూ లేవు.

ఇప్పుడు ఆగిపోవడం గురించి. "క్లౌడ్ ఎప్పుడూ ఆగదు సార్" అంటారు కొందరు. 99.9 శాతం హామీ అని రాసి ఉంటుంది. ఏడాదికి లెక్క కడితే దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా ఆ హామీ నిలబడినట్టే. ఆ ఎనిమిది గంటలు మీ నెలాఖరు రోజునే రావచ్చు. హామీ తప్పితే ఏమిస్తారు? ఆ సర్వీసు బిల్లులో కొంత శాతం వెనక్కి జమ. మీ ఆగిపోయిన వ్యాపారానికి పరిహారం అందులో ఉండదు. ఒప్పందం చదవండి, ఆ వాక్యం కనిపిస్తుంది.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ స్టోరేజీ సర్వీసు అమెరికాలోని ఒక పెద్ద రీజియన్‌లో, అంటే ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపులో, నాలుగు గంటల పాటు పడిపోయింది. కారణం, ఒక ఉద్యోగి కమాండ్‌లో ఒక విలువ తప్పుగా కొట్టడం. ఆ కమాండ్ తీయాల్సినవాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేసింది. అన్నీ బాగున్నాయా లేదా అని చూపించే వాళ్ల బోర్డు కూడా అదే స్టోరేజీ మీద ఆధారపడి ఉండటంతో, కాసేపు ఆ బోర్డునే మార్చలేకపోయారు. (నవ్వులు) నవ్వుతున్నాం గానీ, మన సర్వర్ గదిలో ఆ మాత్రం తప్పు కొట్టని వాడెవడు? వాళ్లు నాలుగు గంటల్లో లేచారు. మనం ఎన్ని గంటల్లో లేస్తాం?

భద్రత విషయంలోనూ నాది ఇదే మాట. గోడలు, తాళాలు, హార్డ్‌వేర్ వాళ్లు చూసుకుంటారు, చాలా కంపెనీల కంటే బాగా చూసుకుంటారు. తాళంచెవి ఎవరికిచ్చామన్నది మన పూచీ. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచిపెట్టే సంస్థ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఒక దుండగుడు చొరబడి డబ్బు అడిగాడు. వాళ్లు కంట్రోల్ వెనక్కి లాక్కోవడానికి ప్రయత్నిస్తే మెషీన్లు, డేటా, బ్యాకప్‌లు చాలావరకు చెరిపేశాడు. కంపెనీ మూతపడింది. డేటా, బ్యాకప్ రెండూ ఒకే ఖాతాలో, ఒకే తాళంచెవి కింద ఉన్నాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ తగలబడినప్పుడు బ్యాకప్‌లు కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్నవాళ్లు అవీ పోగొట్టుకున్నారు. క్లౌడ్ అన్నా చివరికి ఒక బిల్డింగే, నిప్పంటుకుంటే కాలుతుంది. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్‌కి ఇంకో రకం దెబ్బ తగిలింది. గూగుల్ వైపు జరిగిన పొరపాటు వల్ల వాళ్ల ప్రైవేట్ క్లౌడ్, అంటే వాళ్లకే కేటాయించిన క్లౌడ్ భాగం, ఒకటి డిలీట్ అయింది. రెండు చోట్ల ఉంచిన కాపీలు రెండూ పోయాయని, రెండూ ఒకే చందా కింద ఉండటమే కారణమని రెండు సంస్థలూ అప్పట్లో చెప్పాయి. వారానికి పైగా ఆరు లక్షల మంది సభ్యులు తమ ఖాతా చూసుకోలేకపోయారు. వేరే కంపెనీ దగ్గర కూడా ఉంచుకున్న బ్యాకప్ తేరుకోవడానికి తోడ్పడింది. ఈ మూడింటినీ గుర్తుంచుకుంటే బ్యాకప్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: వేరే చోట, వేరే ఖాతాలో, వేరే తాళంచెవి కింద.

బయటికి రావడం గురించి రెండు మాటలు. డేటా లోపలికి పంపడానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. బయటికి తీసుకెళ్లడానికి తీసుకుంటారు. పూర్తిగా వెళ్లిపోయేవాళ్ల దగ్గర ఆ రుసుము తీసుకోమని 2024లో మూడు పెద్ద కంపెనీలూ, అంటే అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్, ప్రకటించాయి. ఐరోపా యూనియన్ చట్టం ప్రకారం అక్కడ 2027 జనవరి నుంచి మారే ఖర్చులు వసూలు చేయడానికి వీల్లేదు. మంచిదే. అయితే మనల్ని కట్టిపడేసేది ఆ రుసుము ఒక్కటే కాదు. ఆ క్లౌడ్‌లో మాత్రమే ఉండే సౌకర్యాలు వాడుకుని సాఫ్ట్‌వేర్ రాసుకున్నామంటే, ఇంకో చోటికి వెళ్లాలంటే మళ్లీ రాయాల్సిందే. రాసుకోవద్దని అనను. ఎక్కడెక్కడ ముడి వేశామో రాసి పెట్టుకోండి, అంతే.

సొంత గదిలో ఉంటే ఈ బాధ లేదనుకోకండి. ఒక సర్వర్‌ని చాలా సర్వర్లుగా విడదీసి వాడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్‌ని 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కంపెనీ కొన్నది. డిసెంబర్‌కల్లా ఒకసారి కొనుక్కునే లైసెన్సులు ఆపేసింది. ఇక చందా కట్టాల్సిందే. అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా 2024 ఫిబ్రవరిలో, సొంత సర్వర్ మీద నడిపే వెర్షన్‌కి సపోర్టు ముగించింది. సర్వర్ మన గదిలోనే ఉంది, నిర్ణయం మాత్రం ఇంకెక్కడో జరిగింది.

మనుషుల విషయం. క్లౌడ్ అనగానే సర్వర్ గది చూసుకునే కుర్రాడి ముఖం వాడిపోతుంది. నన్ను పోగొడతారా అన్న టెన్షన్. ఆ టెన్షన్‌తోనే అతను మీకు కావాల్సిన వివరాలు చెప్పకుండా దాచుకుంటాడు. నేనైతే మొదటి రోజే యజమానిని అడుగుతాను, "ఇతన్ని ఉంచుతారా?" అని. ఉంచుతానని అందరి ముందూ చెప్పించాకే పని మొదలుపెడతాను. ఎందుకంటే ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో అతనికి తెలుసు. డిస్కులు మార్చే పని పోయినా బిల్లు చదివే పని, ఎవరికి ఏ అనుమతి ఇచ్చామో చూసే పని, బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చి, అంటే రిస్టోర్ చేసి చూసే పని మిగులుతాయి. అవి నేర్చుకోవడానికి అతనికి ఆరు నెలలు ఇవ్వండి.

ఈమెయిల్ లాంటివి ఇంకా సొంతంగా నడుపుతుంటే ముందు వాటిని క్లౌడ్‌కి ఇచ్చేయండి. దాని గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. స్పామ్‌తో రోజూ కుస్తీ పట్టడం వల్ల మీ వ్యాపారానికి ఒరిగేదేమీ లేదు.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒకరు: సార్, బ్యాకప్ ఒక్కటే క్లౌడ్‌లో పెట్టుకుని మిగతాదంతా ఇక్కడే ఉంచుకుంటే సరిపోదా?)

మంచి మొదలే అండి. కానీ వెనక్కి తెచ్చుకోవడానికి ఎంత సేపు పడుతుందో ముందు లెక్క వేయండి. మీ డేటా పది టెరాబైట్లు, మీ ఇంటర్నెట్ లైను సెకనుకు 100 మెగాబిట్లు అనుకుందాం. లైను మొత్తం దీనికే ఇచ్చినా తొమ్మిది రోజులు దాటుతుంది. తొమ్మిది రోజులు ఇన్వాయిస్ లేకుండా నడపగలరా? లేకపోతే ఒక కాపీ దగ్గర్లోనే ఉంచుకోవాలి. ఇంకోటి, బ్యాకప్ తీస్తున్నారా అని మీ వాళ్లను అడగకండి. చివరిసారి ఏ తేదీన రిస్టోర్ చేసి చూశారని అడగండి. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్ దాచుకునే సర్వీసు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. బ్యాకప్ పద్ధతులు ఐదు ఉన్నాయి. అవసరానికి ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందట ఒకరు చేత్తో తీసి పెట్టుకున్న కాపీతో బయటపడ్డారు. ఆ కంపెనీ ఇదంతా దాచకుండా బయటపెట్టింది, అందుకు మెచ్చుకోవాలి.

(ఇంకొకరు: మా సర్వర్‌కి ఆరేళ్లయింది. వారంటీ లేదు. ఇప్పుడు కొత్తది కొనాలా, క్లౌడ్‌కి వెళ్లాలా?)

నిర్ణయానికి ఇదే సరైన సమయం. కొత్తది కొన్నాక క్లౌడ్‌కి వెళ్తే రెండుసార్లు ఖర్చు. ముందు వారంటీ లేని సర్వర్ కాబట్టి రేపే బ్యాకప్ సరిచూసుకోండి, అది దీనికంటే తొందర పని. ఆ తర్వాత ఒక నెల లోడ్ కొలవండి. ప్రాసెసర్ సగటు, పీక్ రెండూ. చాలాచోట్ల పది పదిహేను శాతం కూడా వాడరు, అయినా పాత సైజుకు సమానమైనదే క్లౌడ్‌లో అడుగుతారు. లోడ్ నిలకడగా ఉండి, చూసుకోవడానికి మనిషి ఉంటే కొనండి, సిగ్గుపడాల్సిన పని లేదు. మనిషి లేకపోతే లెక్క కొంచెం అటూ ఇటూ అయినా వెళ్లిపోండి. చూసేవాడు లేని సర్వర్‌ని మించిన ఖర్చు ఇంకోటి లేదు. వెళ్తే మాత్రం రెండు మూడు నెలలు పాతదీ కొత్తదీ రెండూ నడుస్తాయి. ఆ జోడు ఖర్చు ముందే రాసుకోండి.

(వెనక నుంచి ఒకరు: సార్, ఆ టేబుల్ కింద పీసీ చివరికి ఏమైంది?)

(నవ్వులు) అడుగుతారని తెలుసు. జీతాల సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌కి వెళ్లింది, బాగానే నడుస్తోంది. ఆ పీసీ మాత్రం ఇంకా ఆ ఆఫీసులోనే ఉంది. గేటు దగ్గరి అటెండెన్స్ మిషన్ పాత సీరియల్ కేబుల్‌తో తప్ప మాట్లాడదు. దాని సాఫ్ట్‌వేర్ ఆ పాత విండోస్ మీద తప్ప ఎక్కదు. మిషన్ మార్చే దాకా పీసీని వదిలించుకోవడానికి లేదు. డిస్కుకి ఒక పూర్తి కాపీ తీసి, అలాంటిదే ఇంకో పాత పీసీ వెతికి పక్కన సిద్ధంగా పెట్టాం. ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఆ ఫైలు క్లౌడ్‌కి చేరేలా చేశాం. రెండున్నరకల్లా ఫైలు రాకపోతే ముగ్గురికి మెసేజ్ వెళ్తుంది. కాగితం కూడా మార్చాం. "ఆపకూడదు. రాత్రి 2 గంటలకు హాజరు పంపుతుంది. ఆగితే ఐటీకి ఫోన్ చేయండి" అని రాసి, కింద నంబరు వేశాం. పీసీని తీసి గోడ అలమరలో పెట్టించాం. ఆవిడ ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చుంటున్నారు.